బదిలీ ఉత్తర్వుకు చిక్కని పని

భర్త సైన్యంలో ఉంటాడు, కొలువు పరాయి దేశంలో పడుతుంది. పెళ్ళికి ముందు పత్రికలకు రాసి సొంతంగా నాలుగు రాళ్ళు సంపాదించుకున్న భార్య, బదిలీలూ పిల్లలూ కలిసి కొన్నేళ్ళపాటు కలం పక్కన పెట్టించాక, మళ్ళీ రాద్దామా అన్న ఆలోచనలో పడుతుంది. ఈనాడు జర్మనీలోనో జపానులోనో దక్షిణ కొరియాలోనో అమెరికా సైనిక స్థావరాల చుట్టూ కాపురముండే ఇళ్ళలో ఇది తరచూ తలెత్తే ప్రశ్న. చుట్టూ ఉన్నవాళ్ళ దగ్గర దీనికి రెండు జవాబులు తయారుగా ఉంటాయి. ఇన్నాళ్ళు మానేశాక నిన్నెవరు గుర్తుపెట్టుకుంటారని కొందరు నీరుగారుస్తారు. ఇన్ని దేశాలు చూశావు, రాయడానికి నీకేం కొదవ అని మరికొందరు ఎగదోస్తారు. గత రెండు వందల ఏళ్ళలో ఇదే స్థితిలో ఉండి డబ్బు కోసం రాసిన ఆడవాళ్ళ చరిత్రను, ముఖ్యంగా సాక్ష్యం ఎక్కువగా మిగిలిన బ్రిటిష్ సైనికాధికారుల భార్యల చరిత్రను దగ్గర పెట్టుకుని చూస్తే ఈ రెండు జవాబులూ నిలవవు. ఆగిపోవడం ఈ వృత్తికి తగిలిన దెబ్బ కాదు, మొదటినుంచీ దాని నడకే అంత. ఇక చూసిన దేశాల సంఖ్యకూ తిరిగి రాయగలగడానికీ పెద్దగా సంబంధం కనిపించదు. తిరిగి రాయగలిగినవాళ్ళను నిలబెట్టింది వేరే ఉంది: అచ్చులో పేరు లేని ఏళ్ళలో కూడా ఎవరికో ఒకరికి క్రమం తప్పకుండా రాసి పంపుతూ ఉండటం, ఆ రాత చేరే చోట దాన్ని అచ్చుదాకా నడిపించగల మనిషి ఒకరు ఉండటం.

ఇన్ని పనులుండగా వీళ్ళు రాతపనికే ఎందుకు చేరారో ముందు చూడాలి. బడి నడపాలన్నా, కుట్టుపని చేయాలన్నా, సంగీతం చెప్పాలన్నా ఒక ఊరు కావాలి, ఆ ఊళ్ళో పేరు కావాలి, నాలుగేళ్ళు నిలకడగా వచ్చే మనుషులు కావాలి. బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజున అవన్నీ అక్కడే ఉండిపోతాయి. రాతకు కావలసిన సరంజామా పెట్టెలో పడుతుంది, పాఠకులు ఎలాగూ వేరే దేశంలో ఉన్నారు కాబట్టి మనిషి ఎక్కడికి మారినా వాళ్ళు మారరు. దీనికి తోడు మర్యాద సంగతి ఒకటి. అధికారి భార్య జీతానికి పనిచేయడం 19వ శతాబ్దపు రెజిమెంటు సమాజంలో తలవంపుగా చూసే విషయం. పుస్తకం మీద పేరు లేకుండా ‘ఒక స్త్రీ’ అని వేసుకోవడానికో, భర్త పేరు ముందు ‘మిసెస్’ చేర్చి సరిపెట్టుకోవడానికో రాతలో వీలుంది, కొట్టు తెరిచినవాళ్ళకు ఆ చాటు లేదు. అయితే సంపాదించిన డబ్బు ఎవరిదన్న ప్రశ్న మాత్రం చాలాకాలం అలాగే ఉండిపోయింది. ఇంగ్లండు చట్టం ప్రకారం పెళ్ళయిన స్త్రీ సంపాదన భర్తకే చెందేది. 1870లో వచ్చిన వివాహిత స్త్రీల ఆస్తి చట్టం భార్య కష్టార్జితాన్ని ఆమె సొంతం చేస్తూ, సాహిత్య, కళా, శాస్త్ర నైపుణ్యంతో సంపాదించిన డబ్బును పేరుపెట్టి మరీ చేర్చింది. రాసి బతికే భార్యలు చట్టసభ దృష్టిలో పడేటంతమంది అప్పటికే ఉన్నారనడానికి ఆ వాక్యం ఒక్కటి చాలు. మిగిలిన ఆస్తి మీద పూర్తి హక్కు రావడానికి మరో 12 ఏళ్ళు పట్టింది.

ఈ తోవలో ముందు నడిచినవాళ్ళలో మరియా గ్రాహం ఒకరు. నౌకాదళాధికారి కూతురిగా 1808లో బొంబాయికి బయలుదేరింది, దారిలో పరిచయమైన థామస్ గ్రాహం అనే నౌకాధికారిని 1809లో పెళ్ళాడింది. భారతదేశంలో గడిపిన కాలాన్ని 1812లో దినచర్య గ్రంథంగానూ, 1814లో లేఖల రూపంలోనూ అచ్చువేసింది. తర్వాత ఆరేళ్ళు ఆమె సొంత రచన కొత్తది కనిపించదు. 1820లో రోమ్ తూర్పు కొండల మీద ఒకటి, చిత్రకారుడు పూసె జీవితం మీద ఒకటి, ఒకే ఏడాదిలో రెండు వచ్చాయి. మరుసటి ఏడు భర్త నడిపే ‘డోరిస్’ ఓడలో దక్షిణ అమెరికాకు వెళ్ళింది. 1822 ఏప్రిల్‌లో కేప్ హార్న్ దగ్గర ఆయన ఓడలోనే చనిపోయాడు. ఇంటికి వెళ్ళిపొమ్మని అందరూ చెప్పినా ఆమె చిలీలో ఉండిపోయి, ఆ నవంబరులో వచ్చిన పెద్ద భూకంపాన్ని కళ్ళారా చూసి, తీరం పైకి లేచిన తీరును రాసుకుంది. బ్రెజిల్, చిలీల మీద ఆమె పుస్తకాలు రెండూ 1824లో వచ్చాయి. భూకంపం మీద ఆమె నివేదికను లండన్ జియలాజికల్ సొసైటీ అదే ఏడాది తన గ్రంథావళిలో అచ్చువేసింది. పదేళ్ళ తర్వాత ఆ సొసైటీ అధ్యక్షుడే ఆమె గమనింపుల్ని కొట్టిపారేయబోతే ఆమె అచ్చులోనే జవాబు చెప్పింది. 1835లో అదే తీరంలో భూకంపాన్ని ఎరిగిన డార్విన్ పరిశీలన కూడా నేల పైకి లేస్తుందన్న మాటనే బలపరిచింది. నాకు ఇక్కడ ముఖ్యంగా తోచేది విధవరాలయ్యాక ఆమె బతికిన పద్ధతి. 1826లో జాన్ మర్రే ప్రచురణ సంస్థ కోసం, తాను ఎక్కని ‘బ్లాండ్’ అనే ఓడ చేసిన హవాయి యాత్రను ఇతరుల రాతప్రతుల నుంచి కూర్చి పుస్తకం చేసింది. ఈనాడు ఫ్రీలాన్సు పని అని మనం దేన్నంటామో అచ్చంగా అదే. ప్రచురణకర్తలతో ఆమెకున్న సంబంధం భర్త ఓడ ఏ సముద్రంలో ఉన్నా తెగలేదు కాబట్టే ఆ పని ఆమెను వెతుక్కుంటూ వచ్చింది.

ఈ వృత్తి ఎలా నడిచేదో లోపలినుంచి చూడాలంటే జూలియానా ఈవింగ్ దగ్గర ఎక్కువసేపు నిలబడాలి. 1841లో యార్క్‌షైర్‌లోని ఎకల్స్‌ఫీల్డ్‌లో చర్చి గురువు ఇంట పుట్టింది. తల్లి మార్గరెట్ గాటీ అప్పటికే పేరున్న రచయిత్రి. పిల్లలందరిలో కథలు చెప్పడంలో దిట్ట జూలియానా కాబట్టి ఇంట్లో ఆమెను ‘ఆంట్ జూడీ’ అని పిలిచేవాళ్ళు. తల్లి 1866 మేలో పిల్లల కోసం మాసపత్రిక మొదలుపెట్టినప్పుడు ఆ ముద్దుపేరే పత్రిక పేరయింది. తొలి సంచికల నుంచే జూలియానా అందులో ‘మిసెస్ ఓవర్‌దవే జ్ఞాపకాలు’ అనే కథల వరుస మొదలుపెట్టింది. 1867 జూన్‌లో అలెగ్జాండర్ ఈవింగ్‌తో పెళ్ళయింది. ఆయన సైన్యంలో సరఫరాలూ జీతాల బట్వాడా చూసే శాఖవాడు, క్రైస్తవ కీర్తనలకు స్వరాలు కూర్చినవాడు. పెళ్ళయిన వారానికే కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్‌కు ప్రయాణం. కథల వరుస ఇంకా సగంలోనే ఉంది.

ఫ్రెడరిక్టన్ అనే ఆ చిన్న ఊళ్ళో, సెయింట్ జాన్ నది ఒడ్డు ఇంట్లో వాళ్ళు రెండేళ్ళున్నారు. తాను అంతకుముందు రాసిన కథలోని ఇంటి పేరే, ‘రేకా దోమ్’ అని, ఆ ఇంటికి పెట్టుకుంది. అక్కడి బిషప్ మెడ్లీ దగ్గర భార్యాభర్తలిద్దరూ హీబ్రూ నేర్చుకున్నారు, చర్చి బృందంలో పాడారు, మంచు కరిగే కాలంలో తోటపని చేశారు. ఇంటికి మాత్రం ఉత్తరాలు ఆగలేదు. ఊళ్ళో మనుషులు, నది గడ్డకట్టే తీరు, స్థానిక మలిసీట్ ప్రజల బుట్టలు, పడవలు, ఇంట్లో కుక్క, వంటమనిషితో పడే తిప్పలు అన్నీ అందులో చేరేవి, పక్కన చేత్తో వేసిన బొమ్మలూ ఉండేవి. ఆ ఉత్తరాల దారినే కథలూ వెళ్ళేవి. ఎకల్స్‌ఫీల్డ్ ఇంట్లో మొదలైన కథల వరుసకు చివరిదైన ‘కెర్గులెన్స్ లాండ్’ను ఆమె ఫ్రెడరిక్టన్‌లో పూర్తిచేసింది, 1868 అక్టోబరు సంచికలో అది అచ్చయింది. కనుచూపుమేర సముద్రం తప్ప ఏమీ లేని దీవిలో చిక్కుకున్న ఓడమనిషిని ఆల్బట్రాస్ పక్షుల జంట పైనుంచి చూస్తూ ఉండటం, చనిపోయాడనుకున్న తండ్రి తిరిగి ఇల్లు చేరడం అందులో కథ. సముద్రం అవతల కొత్త కాపురం పెట్టిన మనిషి ఇంటిని తలచుకుంటూ రాసిందని తెలిశాక ఆ కథలో దూరం మరింత బరువుగా తగులుతుంది. ఒకటి గమనించాలి. ఇంతకాలం కెనడాలో ఉన్నా కెనడా మీద పుస్తకం రాయాలన్న తొందర ఆమెకు లేదు. పత్రికకు కావలసింది పత్రికకు రాసింది, తాను చూసినదంతా ఉత్తరాల్లో దాచింది. ఆ ఫ్రెడరిక్టన్ ఉత్తరాలు సొంత పుస్తకంగా వెలువడింది 1983లో.

1869లో ఇంగ్లండు తిరిగొచ్చాక ఎనిమిదేళ్ళు ఆల్డర్‌షాట్ సైనిక శిబిరంలో ఉన్నారు. అక్కడ ఆమె బాగా రాసింది. భారతదేశంలో పుట్టి, తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని ఇంగ్లండుకు చేరిన సైనికుడి కూతురు కథ ‘సిక్స్ టు సిక్స్‌టీన్’ 1872లో పత్రికలో వచ్చింది. లాహోరులో విలేకరిగా రాత నేర్చిన కిప్లింగ్, ఆ పుస్తకం తనకు దాదాపు కంఠతా వచ్చని ఆత్మకథలో రాసుకున్నాడు. 1873లో తల్లి పోయింది. అచ్చు దారి అక్కడితో మూసుకుపోయేదే. జూలియానా, చెల్లెలు హొరేషియా కలిసి రెండేళ్ళు పత్రిక నడిపారు, తర్వాత చెల్లెలు ఒక్కతే నడిపింది. 1879లో భర్తకు మాల్టా బదిలీ అయింది. వెనకాల బయలుదేరిన జూలియానా దారిలో ఫ్రాన్సులో జబ్బుపడి వెనక్కి తిరిగింది. ఆయన మాల్టా నుంచి సింహళానికి వెళ్ళాడు, ఆమె 1883 దాకా బంధువుల ఇళ్ళ మధ్య తిరుగుతూ గడిపింది. సొంత ఇల్లు లేని, ఆరోగ్యం లేని ఆ నాలుగేళ్ళలోనే ‘జాకనేప్స్’, ‘డాడీ డార్విన్స్ డవ్‌కాట్’, ఆల్డర్‌షాట్ జ్ఞాపకాలతో అల్లిన ‘స్టోరీ ఆఫ్ ఎ షార్ట్ లైఫ్’ మొదటి రూపం పత్రికల్లో వచ్చాయి. ఆమెను అందరూ గుర్తుపెట్టుకున్న పుస్తకాలు ఇవే. కాపురం కుదురుగా ఉంటేనే రాత సాగుతుందనేవాళ్ళు ఈ నాలుగేళ్ళ లెక్క చూడాలి. చెల్లెలి బల్ల మీద ఆమె కోసం ఖాళీగా ఉంచిన పేజీలు ఏ ఇంటికన్నా గట్టి ఆధారమయ్యాయి. 1885లో ఆమె కన్నుమూసింది, ఆ ఏడే పత్రికా ఆగిపోయింది.

అనుభవమే రచయితను నిలబెడుతుందనే వాదానికి ఫానీ డ్యూబర్లీ జీవితం ఎదురు సాక్ష్యం. ఆమె భర్త 8వ హుసార్ల ఆశ్విక దళంలో జీతాల బట్వాడా అధికారి. 1854లో ఆమె అతని వెంట క్రిమియా యుద్ధానికి వెళ్ళింది. ఆడవాళ్ళు ముందుకు రాకూడదని పై అధికారి లార్డ్ లూకన్ అడ్డుపడ్డా దాటుకుని వెళ్ళి, బలక్లావాలో ఇంగ్లండు ఆశ్విక దళం ఫిరంగుల నోట్లోకి దూకిన రోజును కొండమీద నుంచి చూసింది. అక్కడినుంచి అక్కకు రాసిన ఉత్తరాలూ దినచర్యా కలిపి, బావగారి సంపాదకత్వంలో 1855 చివర లాంగ్‌మన్స్ పుస్తకంగా వేసింది. విక్టోరియా రాణికి అంకితమిస్తానంటే అనుమతి రాలేదు, చాలామంది అధికారులకు ఆమె మాట తీరు మింగుడుపడలేదు, పుస్తకం మాత్రం అమ్ముడుపోయింది. 1857 తిరుగుబాటు తర్వాత రెజిమెంటుతో భారతదేశం వచ్చి రాజపుతానా, మధ్య భారతం అంతటా గుర్రం మీద తిరిగి, 1859లో రెండో పుస్తకం ఇచ్చింది. ఆ తర్వాత 44 ఏళ్ళు బతికింది, మూడో పుస్తకం రాలేదు. చూసినది తక్కువా అంటే, ఆ కాలపు ఇంగ్లండులో అంత యుద్ధం చూసిన ఆడమనిషి అరుదు. తీరిక లేకపోయిందనడానికీ లేదు, పిల్లలు లేరు. ఆమెకు ఉత్తరాలు అందుకునే అక్క ఉంది, అచ్చువేయించే బావ ఉన్నాడు, కానీ నెలనెలా ఏదో ఒకటి అడిగే పత్రిక లేదు. రాత యుద్ధం మీద ఆధారపడింది, దళం ఇంటికి చేరగానే అక్కకు రాయాల్సిన పనే తీరిపోయింది. ఇందులో ఆమెకు నచ్చిన జీవితం ఆమె ఎంచుకుందనే మాట కూడా కొంత నిజం కావచ్చు. అయినా ఈవింగ్ పక్కన పెట్టి చూస్తే తేడా ప్రతిభలో కన్నా ఏర్పాటులోనే ఎక్కువ కనిపిస్తుంది.

తెలుగు నేలకు తగిలే ఉదాహరణలు రెండున్నాయి. హెలెన్ మెకంజీ భర్త కాలిన్ మెకంజీ మద్రాసు సైన్యపు అధికారి, 1842లో కాబూల్లో బందీగా ఉండి బయటపడ్డవాడు. (కైఫీయతులు సేకరించిన కాలిన్ మెకంజీ అంతకు ముందు తరంవాడు, ఈయనతో కలపకూడదు.) ఆమె భారతదేశపు ఆరేళ్ళ జీవితాన్ని ఇంటికి రాసిన ఉత్తరాల నుంచీ దినచర్య నుంచీ కూర్చి 1853లో మూడు సంపుటాలుగా వేసింది. పుస్తకం మీద పేరు ‘మిసెస్ కాలిన్ మెకంజీ’. ఆ తర్వాత భర్త హైదరాబాద్ కంటింజెంటుకు బ్రిగేడియరు అయ్యాడు. 1855 సెప్టెంబరులో, మొహర్రం నాళ్ళలో, బొల్లారం కంటోన్మెంటులో ఊరేగింపును అడ్డుకోబోయి అశ్వికుల చేతుల్లో కత్తిపోట్లకు గురై చావు దప్పి బయటపడ్డాడు. డల్హౌసీ ప్రభుత్వం సైనికుల్ని శిక్షిస్తూనే బ్రిగేడియరు తొందరపాటునూ తప్పుపట్టింది. ఇంతటి ఘటనను ఇంటి గడపనుంచి ఎరిగిన రచయిత్రి వెంటనే పుస్తకం రాయలేదు, బహుశా రాయగలిగే స్థితీ లేదు. కొలువులో ఉన్న భర్త మీద ప్రభుత్వం మాట అనగా భార్య అచ్చులో జవాబు చెప్పడం కుదిరే పని కాదు. ఆయన 1881లో చనిపోయాక, 1884లో ఆయన సైనిక జీవితం మీద రెండు సంపుటాల గ్రంథం ఆమె చేతిమీదుగా వచ్చింది, భర్త పక్షం బలంగా వినిపించింది. రెండు ప్రధాన గ్రంథాల నడుమ 31 ఏళ్ళు. ఈ ఎడంలో బద్ధకమో అశక్తతో వెతకడం అన్యాయం. అంతవరకూ అచ్చు కాగల మాట ఆమె దగ్గర ఉంది, అచ్చు వేసుకునే స్వేచ్ఛ లేదు. సైనికాధికారి భార్యల పుస్తకాల్లో ఎన్నో భర్త పదవీ విరమణకో మరణానికో తర్వాత రావడానికి ఇది ముఖ్యమైన కారణం.

రెండోది రాజమండ్రి. జూలియా థామస్ భర్త సైనికుడు కాదు, జిల్లా జడ్జి. కానీ పరాయి దేశంలో భర్త కొలువును బట్టి బతికే భార్య స్థితి అదే, రాత నడిచిన దారీ అదే. 1836 నుంచి 1839 దాకా ఆమె మద్రాసు నుంచీ రాజమండ్రి నుంచీ ఇంటికి ఉత్తరాలు రాసింది. గోదావరి ఒడ్డున దంపతులు పెట్టిన బడి, ఊరివాళ్ళ కోసం తెరిచిన పఠన మందిరం, కచేరీ ఉద్యోగుల రాకపోకలు, ఎండలు అందులో ఉన్నాయి. భర్త 1840లో పోయాడు. ఆ ఉత్తరాలు ‘లెటర్స్ ఫ్రమ్ మద్రాస్’ పేరుతో 1843లో జాన్ మర్రే ద్వారా, రచయిత్రి పేరు లేకుండా వెలువడ్డాయి. మారుమనువుతో మెయిట్లాండ్ అయ్యాక ఆమె పిల్లల పుస్తకాలు రాసింది, 1852లో వచ్చిన బొమ్మ కథ ‘ది డాల్ అండ్ హర్ ఫ్రెండ్స్’ వాటిలో ఒకటి. కంపెనీ కాలపు రాజమండ్రి సామాజిక చరిత్ర రాసేవాళ్ళు ఈనాటికీ ఆ ఉత్తరాలు తిరగేయక తప్పదు. రాసేటప్పుడు ఆమె వాటిని పని అనుకుందో లేదో గాని, నాలుగేళ్ళ ఉత్తరాలు ఆమెకు రాతలో చేయి తిప్పాయి, ఏది చెబితే దూరాన ఉన్న మనిషికి కళ్ళకు కడుతుందో నేర్పాయి. ఉత్తరం అందుకునేవాళ్ళు తిరిగి ప్రశ్నలు వేస్తారు, అర్థం కానిది అడుగుతారు, బాగున్నదాన్ని నలుగురికీ చదివి వినిపిస్తారు. సంపాదకుడు చేసే పనిలో సగం అదే. దినచర్యకు ఆ గుణం లేదు. అందుకే ఒంటరిగా రాసి దాచుకున్న దినచర్యల కన్నా పంపిన ఉత్తరాలే ఈ చరిత్రలో ఎక్కువ పుస్తకాలయ్యాయి.

ఇదంతా నౌకర్లున్న దొరసానుల కథ, దీన్ని ఒక వృత్తి చరిత్రగా చెప్పడం ఎలా కుదురుతుందని అడగవచ్చు. ఆ ఆక్షేపణలో బలముంది. ఆ కాలపు సైన్యంలో మామూలు సిపాయి పెళ్ళి చేసుకోవాలంటే అనుమతి కావాలి. దళం విదేశానికి బయలుదేరేటప్పుడు నూరు మందికి ఆరుగురు చొప్పున భార్యల్ని ఓడ ఎక్కనిచ్చేవారు, వాళ్ళెవరో రేవు దగ్గర చీట్లు వేసి తేల్చేవారు. చీటీ రానివాళ్ళు పిల్లలతో ఒడ్డునే మిగిలిపోయేవాళ్ళు. ఓడ ఎక్కినవాళ్ళు బట్టలు ఉతికి, గాయపడ్డవాళ్ళకు సేవచేసి బతికారు. వాళ్ళు రాసినవి దాదాపు మిగల్లేదు. నెపోలియన్ యుద్ధాల కాలంలో 34వ పదాతి దళంలో భర్త వెంట స్పెయిన్, పోర్చుగల్ నడిచిన కేథరిన్ ఎక్స్‌లీ స్వీయకథ మిగలడం అరుదైన అదృష్టం, పండితుల దృష్టికి రావడానికి దానికి రెండు శతాబ్దాలు పట్టింది. తీరికా చదువూ లేకుండా ఈ వృత్తిలో అడుగుపెట్టడమే లేదని ఒప్పుకోవాలి. అయితే అధికారుల భార్యలకు వంటమనుషులూ ఆయాలూ ఉండేవాళ్ళు, వాళ్ళలోనూ రాసినవాళ్ళు కొద్దిమందే, రాసి ఆపి మళ్ళీ రాసినవాళ్ళు ఇంకా తక్కువ. తీరిక తలుపు తీస్తుంది, లోపల నిలబెట్టేది తీరిక కాదన్నదే డ్యూబర్లీ, ఈవింగ్‌ల మధ్య తేడా చెప్పేది.

ఇంతకన్నా లోతైన ఆక్షేపణ మరొకటి ఉంది. వీళ్ళు మన దేశాల గురించి రాసినదంతా పాలకుల ఇంటి కిటికీలోంచి చూసినదే. మెకంజీ రాతల్లో మతప్రచార పట్టుదల నిండుగా ఉంది, హిందువుల, ముస్లిముల ఆచారాల మీద ఆమె తీర్పులు చదివితే ఈనాటికీ మనసు మండుతుంది. డ్యూబర్లీకి 1857 తిరుగుబాటుదార్లు వేటాడవలసిన శత్రువులు మాత్రమే. నేను ఈ దోషాన్ని చిన్నది చేయదలచుకోలేదు, పైగా నా వాదానికి ఇది ఇబ్బందికరమైన చోటనే తగులుతుంది. స్వదేశంలో ఎదురుచూసే సంపాదకుడూ పాఠకులే వీళ్ళను రాతలో నిలబెట్టారంటున్నాను. ఆ పాఠకులే వీళ్ళ చూపునూ కట్టేశారు. ఇంగ్లండు ఇళ్ళలో చదివేవాళ్ళకు ఏది వింతగా, ఏది గర్వంగా తోస్తుందో దానికే డబ్బు వచ్చేది. పక్క వీధిలో ఉన్నవాళ్ళు ఈ పుస్తకం చదివి మొహం మీద తప్పు చూపిస్తారన్న భయం లేని రాత ఇది. భర్త అధికారం ఒక కంచె, ఇంటి పాఠకుల అభిరుచి రెండో కంచె. ఈ రెండూ దాటిన పేజీలు ఉన్నాయి, మరియా గ్రాహం భూకంప వివరణ అలాంటిది, అది తక్కువే. కాబట్టి మన చరిత్రకారులు ఈ పుస్తకాల్లో కంటోన్మెంటు జీవితం, ధరలు, ప్రయాణాలు, అధికారుల మధ్య మాటలు వెతికినంత నమ్మకంగా, నౌకర్ల మనసు గురించిన వాక్యాలను తీసుకోకూడదు.

20వ శతాబ్దంలో ఉత్తరాల స్థానంలోకి ఏజెంటు వచ్చాడు. 1908లో సిమ్లాలో పుట్టిన ఎం.ఎం. కే పెళ్ళికి ముందే ఇంగ్లండులో పిల్లల కథలు రాసి పొట్టపోసుకుంది. 1945లో భారత సైన్యపు గైడ్స్ దళం అధికారి గాఫ్ హామిల్టన్‌ను పెళ్ళాడింది. 1947 తర్వాత ఆయన బ్రిటిష్ సైన్యంలోకి మారడంతో కెన్యా, జాంజిబార్, ఈజిప్టు, సైప్రస్, జర్మనీ ఇళ్ళయ్యాయి. తానున్న చోట్లనే రంగస్థలాలుగా చేసుకుని 1953, 1955, 1956ల్లో కాశ్మీరు, బెర్లిన్, సైప్రస్ హత్య కథలు రాసింది. పైకి చూస్తే దేశాలు చూడటమే కథలిచ్చిందనే వాదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. కానీ ఆమెను పెద్ద నవలల వైపు తిప్పింది లండన్‌లో ఆమె ఏజెంటుగా ఉన్న పాల్ స్కాట్. తర్వాత ‘రాజ్ క్వార్టెట్’ రాసిన నవలాకారుడు ఆయనే. భారతదేశం గురించి రాయమని ఆయన వెంటపడగా 1857 నేపథ్యంలో ‘షాడో ఆఫ్ ద మూన్’ 1957లో వచ్చింది. భర్త కొలువు 1967లో ముగిసింది, జబ్బు మధ్యలో ఆపింది, చివరికి ‘ఫార్ పెవిలియన్స్’ 1978లో వెలువడేటప్పటికి ఆమెకు 70 ఏళ్ళు. ఆమె చిన్న నవలల్లో చాలావాటికి లోకమంతా పాఠకులు దొరికింది కూడా ఆ తర్వాతే, పేర్లు మార్చి మళ్ళీ అచ్చువేసినప్పుడు.

ఇప్పుడు ఉత్తరం క్షణంలో చేరుతుంది, పత్రిక సంపాదకుడు ఏ దేశంలో ఉన్నా పలుకుతాడు, ఇక ఈ పాత చరిత్రతో పనేమిటని అనేవాళ్ళకు ఒక్క సంగతి చెప్పాలి. దూరం తగ్గినచోట చట్టం అడ్డొచ్చింది. 1868లో ఫ్రెడరిక్టన్ నుంచి ఇంగ్లండు పత్రికకు కథ పంపిన ఈవింగ్‌ను, నువ్విక్కడ పనిచేయడానికి అనుమతి ఉందా అని న్యూ బ్రన్స్‌విక్‌లో ఎవరూ అడగలేదు. ఆమె సంపాదన భర్తదా తనదా అన్నదే ఆనాటి ప్రశ్న, అది 1870లో తీరింది. ఈనాడు విదేశంలో ఉన్న సైనికుల కుటుంబాల స్థితిని ప్రభుత్వాల మధ్య ఒప్పందాలు నిర్ణయిస్తాయి. 1951 నాటో ఒప్పందం వంటివి కుటుంబాన్ని దేశంలోకి రానిస్తాయి, ఉండనిస్తాయి. పనిచేసి సంపాదించడం సంగతికి వచ్చేసరికి ఆ దేశపు నియమాలు, పన్నులు, స్థావరంలో ఇల్లు వ్యాపారానికి వాడవచ్చా లేదా అన్న మెలికలు మొదలవుతాయి. అమెరికాలో హెచ్-4 వీసా మీద ఉన్న తెలుగు ఆడపడుచులకు ఈ స్థితి కొత్త కాదు. 2015 దాకా వాళ్ళలో ఎవరికీ ఆ వీసా మీద పనిచేసే అనుమతే లేదు, ఆ తర్వాతా కొందరికే దక్కింది. కాబట్టి మళ్ళీ రాయాలా అని ఆలోచిస్తున్న సైనికుడి భార్య మొదట తేల్చుకోవలసింది తనకు ప్రతిభ మిగిలిందా లేదా అన్నది కాదు. ఏ దేశపు చట్టం కింద డబ్బు తీసుకోవచ్చో కనుక్కోవాలి, విరామంలో ఎవరికి ఏమేమి రాసిందో పాత మెయిళ్ళు తిరగేసి చూడాలి, తన రాతను అడిగే సంపాదకుడొకరిని, అది చిన్న పత్రికదే అయినా, ముందుగా పట్టుకోవాలి.